తులమెత్తు గుండు

ఈమధ్య మా పాత విద్యార్థి ఒకడు కొలరాడో నుంచి విచిత్రమైన వేగు పంపాడు. కాగజ్‌నగర్‌లో నా దగ్గర ఛందస్సు చదువుకున్నవాడే. యమాతారాజభానసలగం కంఠస్థం చెయ్యడానికి మూడు వారాలు తీసుకున్న ఘనుడు. ఇప్పుడక్కడ కంప్యూటర్ ఉద్యోగం. "సార్, ఈసారి లాటరీల నాకు ఎల్క్ వేట లైసెన్సు తగిలింది. రైఫిల్ కొన్న. బుల్లెట్ ఏది కొనాల్నో తెలుస్తలేదు. ఆరేడువందల గజాల నుంచి కొట్టేటట్టు కావాలె. మీ చిన్నప్పుడు మన దిక్కు సాంబర్లను కొట్టిండ్రని చెప్పేటోళ్ళు గద, వాళ్ళు ఏం వాడిండ్రు?" అని అడిగాడు. దానికి తోడు నాలుగైదు కంపెనీల పట్టికలు కూడా జతచేశాడు.

తెలుగు పండితుణ్ణి తుపాకిగుండ్ల గురించి అడగడమేమిటని మొదట నవ్వుకున్నాను. తీరా ఆ పట్టికలు చదవడం మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. వాడికి రాసిన జవాబునే కాస్త విస్తరించి ఈ టపాగా పెడుతున్నాను.

ముందుగా మాట తేల్చుకుందాం. మనం తూటా అన్నా గుండు అన్నా ఒకటే అనుకుంటాం. ఇత్తడి గొట్టం, దానిలో మందు, మూతిన బిగించిన లోహపు ముక్క, అన్నీ కలిస్తే తూటా. ఎగిరిపోయి జంతువుకు తగిలే ముక్క మాత్రమే గుండు. మావాడు అడుగుతున్నది దాని గురించే. దాన్ని అక్కడివారు గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే పూర్వం ధాన్యపు గింజ ఎత్తు, మన కంసాలుల గురిగింజ వంటిదే. ఎల్క్‌కు ఎక్కువమంది వాడే గుండ్లలో ఒకటి 180 గ్రెయిన్లది. లెక్కవేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. 180 గ్రెయిన్లంటే సరిగ్గా మన పాత తులం, 11.66 గ్రాములు, 96 గురిగింజల ఎత్తు! ఇప్పటి నగల కొట్లవాళ్ళ పది గ్రాముల తులం కాదు, మా అమ్మమ్మ నాటి తులం. మూడువందల కిలోలకు పైబడిన మృగాన్ని నేలకూల్చడానికి తులమెత్తు లోహం చాలునన్నమాట.

చాలును, కాని ఎక్కడినుంచి? ఈ లెక్కలన్నీ పాత కొలతల్లోనే చక్కగా కుదురుతున్నాయి కనుక అలాగే చెబుతాను. 300 విన్చెస్టర్ మాగ్నమ్ అనే తూటాలో తులమెత్తు గుండు పెట్టి, రెండువందల గజాలకు గురి సరిచేసి పెట్టుకుంటే, అయిదువందల గజాలు పోయేసరికి అది సుమారు గజమెత్తు కిందికి జారుతుంది. అడ్డంగా గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తే, అదీ పెద్ద గాలి కాదు, మూరెడు పక్కకు తొలగుతుంది. చేరడానికి అరసెకను పైన పడుతుంది. కిందికి జారే గజాన్ని ఇప్పటి యంత్రాలు కచ్చితంగా లెక్కకట్టి ఇస్తాయి, ఒప్పుకుంటాను. కాని నడుమ ఉన్న లోయలో గాలి ఎటు మళ్ళిందో, ఆ అరసెకనులో జంతువు ఒక అడుగు ముందుకు వేస్తుందో లేదో ఏ యంత్రమూ చెప్పదు. ఒక్క అడుగు చాలు, గుండెకు తగలవలసింది కడుపుకు తగలడానికి.

కడుపుకు తగలడమంటే ఏమిటో నేను చూశాను. 1969 ప్రాంతం, నాకు పదేళ్ళు. మా నాన్నగారు వెదురు కూపుల్లో లెక్కలు రాసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా రాలేదు, లైసెన్సు ఉంటే వేట తప్పు కాదు. పట్నం నుంచి జీపులో వచ్చిన పెద్దమనుషులు సందెవేళ వాగుకు ఇవతల నుంచి అవతలి గట్టుమీది కణుజును కొట్టారు. మా వైపు దాన్ని సాంబరనే అంటారు. మంచి గురికాడే కొట్టాడట. అది పడలేదు, పోయింది. వాళ్ళు మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికి జీపెక్కి వెళ్ళిపోయారు. జాడ తీసే గోండు పెద్దాయన మాత్రం వదలలేదు. సెలవులు కనుక నేనూ ఆయన వెనకాలే తిరిగాను. మూడోనాడు దాన్ని మాకు చూపించినవి రాబందులు. దగ్గరికి వెళ్తే నేలంతా గిట్టలతో గీరి ఉంది. ఎంతసేపు అలా కొట్టుకుందో! ఆ ముసలాయన ఏమీ అనలేదు. తలపాగా తీసి కాసేపు అక్కడే కూర్చున్నాడు.

అందుకే గుండు ఎంపికను నేను యంత్రశాస్త్రంగా చూడలేను. అయినా శాస్త్రం కొంత తెలుసుకోవాలి. తగిలాక గుండు పుట్టగొడుగులా విచ్చుకోవాలి, అప్పుడే జంతువు త్వరగా ప్రాణం విడుస్తుంది. విచిత్రమేమిటంటే ఇటువంటి విచ్చుకునే గుండ్లకు లోకమంతటా పేరు పెట్టింది మన దేశపు ఊరే. 1890లలో కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో అవి తయారయ్యాయి. 1899లో హేగ్ సమావేశం మనుషుల యుద్ధంలో వాటిని నిషేధించింది. అదే కొలరాడోలో ఎల్క్‌ను కొట్టాలంటే విచ్చుకునే గుండే వాడాలి, అదీ 85 గ్రెయిన్లకు తగ్గకూడదు. మనిషి విషయంలో క్రూరమైనది మృగం విషయంలో దయ అయింది. తర్కం ఆలోచిస్తే సబబే, కాని మనసు ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. దగ్గరనుంచి కొడితే గుండు మహావేగంతో భుజపుటెముకను తాకి ముక్కలైపోవచ్చు. జాన్ నోస్లర్ అనే ఆయనకు 1946లో కెనడాలో మూస్ వేటలో ఇటువంటి అనుభవమే అయిందట. దాంతో గుండు లోపల మధ్యన రాగి గోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెదరకుండా చొచ్చుకుపోయేటట్టు చేశాడు. 1948 నుంచి అమ్ముతున్న ఆ పార్టిషన్ గుండు ఇప్పటికీ చెలామణిలో ఉంది. దూరంనుంచి కొడితే కథ తిరగబడుతుంది. చాలా గుండ్లు విచ్చుకోవాలంటే సెకనుకు సుమారు 1800 అడుగుల వేగమన్నా మిగలాలి. ఏడువందల గజాలకు మావాడి గుండు ఆ హద్దుకు అటూ ఇటూగా ఉంటుంది. విచ్చుకోకపోతే సూదిలా దూరి బయటికి పోతుంది. అంత మెల్లని వేగానికీ విచ్చుకునే మెత్తని గుండ్లు వచ్చాయి, నిజమే. అవే యాభై గజాల్లో ఎముకకు తగిలితే పగిలే భయం ఎక్కువ. రెండు కొసలకూ సమానంగా పనికివచ్చే గుండు లేదు. కనుక అడగవలసిన మొదటి ప్రశ్న ఏ గుండు అని కాదు, ఎంత దూరం అని.

రెండవది లోహం. సీసపు గుండు లోపల చిట్లి రవ్వలవుతుంది. వేటగాడు అక్కడే వదిలిన పేగుల్లో ఆ రవ్వలుంటాయి. వాటిని తిన్న కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందులు సీసపు విషంతో చచ్చాయి. 1982 నాటికి ఆ జాతిలో మిగిలినవి 22. అందుకే కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలన్నిటిలోనూ సీసం మానిపించారు. మన రాబందుల్ని చంపింది సీసం కాదు, పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు. దాన్ని పశువైద్యంలో 2006లో నిషేధించేసరికి ఆకాశం ఖాళీ అయింది. 2013లో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందులు కనిపించాయని విన్ననాడు నాకు ఆ ముసలాయనే గుర్తొచ్చాడు. అందుచేత, నాయనా, రాగిగుండే కొనుక్కో. తులానికి కొంచెం తక్కువైనా ఫరవాలేదు, బరువు చెదరకుండా చొచ్చుకుపోతుంది.

దూరం విషయంలో మన సాహిత్యం ఎప్పుడో తీర్పు చెప్పింది. పెద్దన స్వరోచి వేటలోను, ధూర్జటి తిన్నని వేటలోను వేటగాడికీ మృగానికీ మధ్య దూరం ఎంత? కుక్కలు, వలలు, ఈటెలు, పరుగులు! అందులో మృగానికి కూడా ఒక అవకాశం ఉంది. దశరథుడు మాత్రం కంటితో చూడకుండా, సరయువులో కడవ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని శబ్దభేది వేశాడు. ఆయన బాణంలో లోపం లేదు, గురిలో అసలే లేదు. మావాడు కొనదలచిన దూరపు గుండుకూ ఆ బాణానికీ నాకేమీ తేడా కనబడదు. అమెరికాలోనే 1887లో థియొడోర్ రూజ్వెల్ట్ ప్రభృతులు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కూడా మృగానికి తప్పించుకునే అవకాశం ఉన్నప్పుడే అది ధర్మమైన వేట అంటుంది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకని మీరనవచ్చు. మా ఊరి చుట్టూ మొక్కజొన్న, వరి చేలను అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నిపోతాయి. రైతు కడుపుమంట నాకు తెలుసు, పందిని చంపకూడదని నేననను. అనుమతి పొందిన షూటర్లచేత కొట్టించే పద్ధతి ఉంది. ఆ అనుమతి పత్రంలో ఎన్ని గజాల లోపల కొట్టాలో, ఎటువంటి గుండు వాడాలో, గాయపడి పోయిన పందిని ఎవరు వెతకాలో కూడా రాయాలని నా వాదన. అది జరగనిచోట రైతు చేసే పని చేనుచుట్టూ కరెంటు తీగ లాగడం. తీగకు కళ్ళు లేవు, చెవులు కూడా లేవు, దశరథుడికైనా చెవులున్నాయి. పందికని కట్టిన తీగ ఎద్దును చంపుతుంది, తెల్లవారుజామున నీళ్ళు పెట్టబోయిన పక్క చేను రైతును చంపుతుంది. 2025 మే నెలలో పెంచికల్‌పేట అడవిలో పులి చచ్చింది ఇటువంటి తీగకే. తడోబా వైపునుంచి మన అడవుల్లోకి పులులు నడిచి వస్తున్నాయని సంబరపడుతూనే వాటి దారిలో మనం తీగలు పరుస్తున్నాం.

మావాడికి చివరికి రాసింది ఇది: రాగిగుండు, మూడువందల గజాలు, అదీ జంతువు నిలబడి పక్కకు తిరిగి ఉంటేనే. లేకపోతే దగ్గరికి నడువు. గాలి మళ్ళి మంద పోతే పోనీ, వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నిన్న జవాబు వచ్చింది. గుండు సంగతి ఒప్పుకున్నాడు. "దూరం మాత్రం నాలుగొందల దాకా ఇయ్యండి సార్, గాలి లేకపోతేనే" అని బేరమాడుతున్నాడు. నేనింకా ఏమీ రాయలేదు.