తన పేరే మరచిన తల్లి తరఫున నిర్ణయం ఎవరిది?

“ఎవరికీ భారం కాకుండా, నడుస్తూ తిరుగుతూ ఉండగానే తీసుకుపో యా అల్లాహ్!” నమాజు ముగించి మన పెద్దలు చేతులెత్తి వేడుకునే మాట ఇది. మతి తప్పి బతకడమంటే వారికి మరణం కంటే ఎక్కువ భయం. ఇది విశ్వాస లోపమేమీ కాదు. అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే నికృష్టమైన వయస్సును గురించి దివ్య ఖుర్ఆన్ నహ్ల్, హజ్ సూరాలలో ప్రస్తావించింది. అటువంటి వయస్సు నుండి దైవప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు.

ఈ భయానికి నెదర్లాండ్స్ దేశం వేరొక జవాబు చెప్పింది. రోగి కోరితే వైద్యులు ప్రాణం తీయడాన్ని అక్కడ 2002లో చట్టబద్ధం చేశారు. 2016లో 74 ఏళ్ల అల్జీమర్స్ రోగి విషయంలో ఏం జరిగిందో చూడండి. మతి బాగున్న రోజుల్లో ఆమె తనకు అటువంటి మరణం కావాలని రాసిపెట్టింది. రోగం ముదిరాక ఆమె మాట ఒక్కో రోజు ఒక్కో రకంగా ఉండేది. వైద్యురాలు కాఫీలో మత్తుమందు కలిపి ఇచ్చింది. తర్వాత ఆమె లేవబోతే ఇంటివారే పట్టుకున్నారు. 2019లో కోర్టు ఆ వైద్యురాలిని నిర్దోషిగా విడిచిపెట్టింది. ముందుగా రాసిన పత్రం చెల్లుతుందని 2020లో ఆ దేశ సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

ఇంతకూ ఎవరి ఇష్టం నెరవేరినట్లు? కాగితం రాసిన ఆమెదా, లేవబోయిన ఆమెదా? లేవబోయిన ఆమె కూడా నిండు మనిషేనని మనం అంటాం. తెలివి పోయినవారిపై కర్మల లెక్క ఉండదని హదీసు తెలుపుతోంది. తొలగిపోయింది నమాజు, రోజాల బాధ్యతే కాని ప్రాణానికున్న గౌరవం కాదు. (మగ్రిబ్‌లో మూడు రకాతులకు ఐదు చేసిందని తల్లిని కసిరే కొడుకులు ఈ హదీసును మరోమారు వినాలి.)

అయితే ‘హరామ్’ అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ప్రాణం తీయడం వేరు, పోతున్న ప్రాణాన్ని యంత్రాలతో పట్టి ఉంచకపోవడం వేరు. మూర్ఛరోగంతో బాధపడుతూ వచ్చిన ఒక స్త్రీకి దైవప్రవక్త (స) రెండు దారులు చూపారు: సహనం వహిస్తే స్వర్గం, కోరుకుంటే స్వస్థత కోసం దుఆ. ఆమె సహనాన్ని ఎంచుకుంది. ఫలితం ఖాయం కాని చికిత్స విధి కాదని ధర్మవేత్తల్లో అధికులు చెప్పారు. మెదడు పూర్తిగా నశించిందని వైద్యులు నిర్ధారిస్తే యంత్రాలు తొలగించవచ్చని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అన్నం, నీళ్లు, శుభ్రత, నొప్పి తగ్గించే మందు మాన్పించడం వేరే సంగతి. అందులో ఆలిములను అడగకుండా అడుగు వేయరాదు.

మన దేశ చట్టమూ ఇంచుమించు ఇక్కడే ఆగింది. సూదిమందుతో ప్రాణం తీయడం నేరమే. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమ చికిత్స వద్దని ముందుగా రాసిపెట్టే హక్కును మాత్రం 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. రెండు వైద్య బృందాలు పరిశీలించాకే అది అమలవుతుంది. రాసేనాటికి మతి స్థిమితంగా ఉండాలి.

డిమెన్షియాలో చిక్కంతా ఇదే. మాట్లాడుకోవలసింది రోగం బయటపడిన తొలి నెలల్లో. మన ఇళ్లలో ఆ నెలలన్నీ దాపరికంతోనే గడిచిపోతాయి. “అబ్బాకు చెప్పకండి డాక్టరు గారూ” అంటాం. పిల్లల సంబంధాలు చెడిపోతాయన్న బెంగ ఒకటి! ఆస్తికి వసీయత్ రాయించడానికి తొందరపడేవారు, వెంటిలేటరు పెట్టించాలా, ఇంట్లోనే ఉంచాలా అని ఆ మనిషిని అడగరు. చివరికి ఐసీయూ తలుపు దగ్గర కొడుకులు వాదులాడుకుంటారు. ఒకడికి బిల్లు భయం, దుబాయి నుండి ఫోను చేసే మరొకడికి లోకం ఏమనుకుంటుందోనని భయం.

ఇక భారం మాట. తల్లిదండ్రుల ముందు విసుగును వెళ్లగక్కే చిన్న మాట కూడా రానీయవద్దన్న బనీ ఇస్రాయీల్ సూరాలోని ఆజ్ఞ సంతానానికి వర్తిస్తుంది. మనం దాన్ని కోడలికి అప్పగించి నిశ్చింతగా ఉన్నాం. అర్ధరాత్రి గడియ తీసుకుని వీధిలోకి వెళ్లే మామగారి వెంట పరుగెత్తేది ఆమే. మసీదు కమిటీలు జనాజాకు అన్నీ సిద్ధంగా ఉంచుతాయి. బతికున్న రోగి దగ్గర వారానికి రెండు గంటలు కూర్చోగల యువకుల పేర్లు కూడా రాసి పెట్టుకుంటే, ఆ రెండు గంటలైనా ఆమె నిద్రపోతుంది. ఈ జుమా నాడే అడిగి చూద్దాం, ఎన్ని పేర్లు వస్తాయో.