బారిస్టర్ పార్వతీశం మన ఇంటి పిల్లోడే

పోచంపల్లిలో మా ఆపా ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నా భాంజా మూలగదిలో కంప్యూటర్ ముందు ఒక్కడే కూర్చుని ఉంటాడు. పట్టుచీరలకు చిటికి డిజైన్లు గీస్తాడు. నూలు మీద ముడి ఎక్కడ పడాలి, రంగు ఎక్కడ ఆగాలి, అంతా గళ్ళ కాగితం లెక్క. ఆ లెక్కలో వాడికి తిరుగులేదు. కానీ దావత్‌కు రమ్మంటే కడుపునొప్పి. ఫోన్ మోగితే ఎత్తడు. బస్సెక్కే ముందు టికెట్ పైసలు మూడుసార్లు లెక్కపెట్టుకుంటాడు. చుట్టాలు వాడికి పెట్టిన పేరు డర్‌పోక్. మొహం మీదే అంటారు. మజాకే కదా అంటారు.

పోయిన రంజాన్ తర్వాత దుబాయ్‌లో ఒక నౌకరీ మాట వచ్చింది. ఇల్లంతా ఖుషీ, వాడికి నిద్ర లేదు. హిమ్మత్ పెట్టుకో, మర్దులా ఉండు అని అందరూ నసీహత్ చేస్తుంటే నేను ఒక నవల తెచ్చిచ్చాను. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924లో వచ్చింది. ఇప్పటికీ హైదరాబాద్ పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది.

నాది ఉర్దూ మీడియం బడి. మాకు నవ్వంటే ఇమ్తియాజ్ అలీ తాజ్ సృష్టించిన చచా ఛక్కన్. గోడకు ఒక్క తస్వీర్ తగిలించడానికి ఇంటిల్లిపాదినీ పరేషాన్ చేసే పెద్దమనిషి. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక పార్వతీశం దొరికాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. చచాకు తన మీద తనకు ఎప్పుడూ శక్ రాదు. పార్వతీశం లోపల ఉన్నదంతా శకే.

మొగల్తూరు కుర్రాడు. (అవును, చిరంజీవి ఊరే.) బారిస్టర్ కావాలని ఇంట్లో చెప్పకుండా విలాయత్‌కు బయలుదేరతాడు. నిడదవోలులో రైలు, మద్రాసు, కొలంబో, ఓడ, ఫ్రాన్స్, ఇంగ్లండ్, చివరకు ఎడింబరో. అడుగడుగునా ఒక కొత్త వస్తువు, కొత్త రివాజు, కొత్త ఘబ్రాహట్. ఎవరినైనా అడిగితే సరిపోయే సంగతి కూడా అడగడు. అడిగితే తనకు తెలియదని ఎదుటివాడికి తెలిసిపోతుంది! అందుకే తెలిసినట్టు ఉంటాడు, అక్కడే మునుగుతాడు. దొరల దేశానికి పోతున్నాను కదా అని మద్రాసులో దర్జాగా టోపీ కొంటాడు. అది ఆడవాళ్ళ టోపీ.

నేనూ తక్కువ తినలేదు. తెలుగు క్లాసులో మొదటి రోజు సారు సంధుల గురించి అడిగితే, అర్థమైనట్టు గట్టిగా తలూపాను. నాకు అప్పటికి తెలిసినవి మా మొహల్లా సందులే.

ఈ నవలలో నాకు నచ్చిన సంగతి, కథంతా పార్వతీశమే చెప్పడం. తన బేవకూఫీని తనే విప్పి చూపిస్తాడు, దాచుకోడు. అందుకే మనం అతని మీద నవ్వం, అతని పక్కన కూర్చుని నవ్వుతాం. మన ఇళ్ళలో మెతక పిల్లల మీద నడిచే మజాక్‌లో ఈ తమీజ్ ఉండదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, పిల్లాడు గదిలోకి పోయి తలుపేసుకుంటాడు.

'బ్రాహ్మణుల ఇంటి కథ, గోదావరి వాళ్ళ జబాన్, మనకెందుకు భాయ్' అని ఒక దోస్త్ అన్నాడు. భాష మొదట కొంచెం అడ్డం పడుతుంది, అబద్ధం ఎందుకు. నూరేళ్ళ కిందటి ఆచారాల మాటలూ ఉన్నాయి. పైకి చదివితే అవన్నీ తొలగిపోతాయి. అయినా ట్రంకుపెట్టె సర్దుకుని, భాష రాని దేశానికి, గుండె దడదడలాడుతుండగా ఒంటరిగా వెళ్ళిన ముసాఫిర్ కథ మన ఇళ్ళకు కొత్తా? ప్రతి గల్లీలో ఒక గల్ఫ్ పెట్టె ఉంది. వెళ్ళినవాళ్ళు అత్తరు తెచ్చారు, పిల్లలకు బొమ్మలు తెచ్చారు. మొదటి రోజు ఏర్‌పోర్టులో ఎంత భయపడ్డారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మిగిలిన రెండు భాగాలు చాలా ఏళ్ళ తర్వాత రాశారు. నన్నడిగితే మొదటి దాని మజా వాటిలో లేదు. మొదటిది చదివి ఆపేసినా నష్టం లేదు.

ఆపాకు తెలుగు చదవడం రాదు. ఒక రాత్రి మూలగదిలోంచి నవ్వు వినిపించి, 'ఇత్తా క్యూ హస్‌రా రే?' అని వెళ్ళిందట. వాడు టోపీ కథ చదివి వినిపించాడు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మరి ఈ పిల్లోడు విలాయత్ పోతున్నట్టు వాళ్ళ అమ్మీకి చెప్పాడా అని అడిగింది. లేదన్నాడు వీడు. ఆపా నవ్వు ఆగిపోయింది. ఆమె సంగతి ఏమైందో చదువు ముందు, అని మంచం మీద కూర్చుందట.

వీసా ఇంకా రాలేదు. రెండో భాగం కూడా కావాలని మొన్న భాంజా అడిగాడు. మెసేజ్‌లోనే.