పాత వాషింగ్ మెషీన్... ఇంట్లోనే ల్యాబ్!

మామిడి కోతలకెళ్లొచ్చిన బట్టలకు సొన మరకలు అంటితే ఓ పట్టాన వదలవు. నూజివీడు వైపు ఇళ్లలో వాటితో ఏళ్లతరబడి కుస్తీ పట్టిన రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీన్ మూలపడితే ఏం చేస్తాం? 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరే! అయినా ఇంట్లో బీటెక్ కుర్రాడు ఉండగానే, పాత సామాన్లవాడి కేక కోసం చూస్తాం. నన్నడిగితే అది తుక్కు కాదు, ల్యాబ్.

అలాంటి పాత మెషీన్లలో చాలావాటికి సర్క్యూట్ బోర్డు ఉండదు. ఉతికే మోటారు, పిండే మోటారు, కెపాసిటర్, బెల్టు, టైమర్... దాదాపు అంతే. మోటారు మూలుగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్‌ను అనుమానించాలి. మోటారు తిరిగినా లోపలి చక్రం కదలకపోతే బెల్టు చూడాలి. పిండే తొట్టి మొరాయిస్తే మూత స్విచ్, బ్రేకు తీగ చూడాలి. లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోవడం... టెక్నికల్ ఇంటర్వ్యూలో అడిగేదీ అదేగా! ఒక్క జాగ్రత్త: ప్లగ్ తీసినా కెపాసిటర్ షాక్ కొట్టొచ్చు. తొలిసారి మెకానిక్ పక్కనుండగానే విప్పండి.

కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. హక్కు ఒక్కటే చాలదు, బాగుచేసే చేతులూ కావాలి. 'బీటెక్ చదివి మెకానిక్ పనా?' అంటారా... అననివ్వండి. నోటిఫికేషన్ వచ్చేలోపు ఒక్క మెషీన్ తిప్పి చూపించండి. రెజ్యూమెలో 'ప్రాబ్లమ్ సాల్వింగ్' అని రాసుకున్నందుకు అప్పుడు చెప్పుకోడానికో కథ ఉంటుంది.