తిరుగుబాటు కథ ఎవరి నోట వింటున్నారు?



మోమిన్‌పేట్, వికారాబాద్, తాండూరు నుంచి యూనివర్సిటీలకు పోయిన మన పిల్లలు కొందరు అరబ్ తిరుగుబాట్ల మీద సెమినార్ పేపర్లు రాస్తున్నారు. "అన్నా, నమ్మదగిన సోర్సులు చెప్పు" అంటున్నారు. చెప్తా. ముందు మన సంగతి ఒకటి గుర్తు చేసుకుందాం.

2011 మార్చి 10, హైదరాబాద్ మిలియన్ మార్చ్. ఆ పేరు కైరోను చూసి పెట్టుకున్నదే. తహ్రీర్ స్క్వేర్‌కు పది లక్షల మంది రావాలని పిలుపిచ్చింది అదే ఏడాది ఫిబ్రవరి 1న. మన దగ్గర ముందస్తు అరెస్టులు, బారికేడ్లు, అయినా ట్యాంక్‌బండ్ మీదికి చేరిన జనం. తెల్లారి చర్చంతా విరిగిన విగ్రహాల మీదే. కైరో విద్యార్థి ఎవరో ఆ చర్చ ఒక్కటే చదివి తెలంగాణ మీద థీసిస్ రాస్తే మనకెట్లా ఉంటుంది? తహ్రీర్ గురించి మనం రాసేది చాలావరకు ఆ బాపతే.

బువాజిజినే తీసుకోండి. 2010 డిసెంబర్ 17న ట్యునీషియాలోని సీదీ బూజిద్‌లో ఒంటికి నిప్పంటించుకున్న తోపుడుబండి వ్యాపారి. ఉద్యోగం దొరకని డిగ్రీ పట్టభద్రుడని ప్రపంచమంతా రాసింది. అతను హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. చెంపదెబ్బ కొట్టిందన్న ఆరోపణతో జైలుకు పోయిన మునిసిపల్ ఉద్యోగిని మీద కేసును 2011 ఏప్రిల్‌లో కొట్టేశారు. డిగ్రీ లేని పేదవాడి కోపం చాలదనుకున్నారేమో, సర్టిఫికెట్ తగిలించారు. ఇది మనకు కొత్తా?

"ఫేస్‌బుక్ విప్లవం" అనే మాట ఇంకో రోత. ఈజిప్టులో మహల్లా నూలుమిల్లు కార్మికులు 2006 డిసెంబర్‌లోనే సమ్మె చేశారు. మొదట మిషన్లు ఆపి బయటికొచ్చింది ఆడవాళ్ళు. ఏప్రిల్ 6 ఫేస్‌బుక్ గ్రూపు పుట్టింది 2008లో, ఆ మిల్లు కార్మికులు తలపెట్టిన మరో సమ్మెకు మద్దతుగా. జోయెల్ బెనిన్, హొస్సామ్ అల్-హమలావీ 2007లోనే ఈ మిల్లుల మీద మెరిప్ పత్రికలో రాశారు. తారీకు చూడండి. తిరుగుబాటుకు ముందు రాసినదానికి, గెలిచాక రాసినదానికి చాలా తేడా ఉంటుంది.

బాధితుల గొంతు అనగానే కరిగిపోవద్దు కూడా. డమాస్కస్ నుంచి అమీనా అనే అమ్మాయి రాస్తోందని 2011లో లోకం నమ్మింది. జూన్‌లో తేలిందేమిటంటే, రాసింది ఎడిన్‌బరోలో చదువుకుంటున్న అమెరికన్ మగవాడు. అట్లాగే సర్కారు కాగితం అనగానే విసిరేయొద్దు. బహ్రెయిన్ రాజు వేసిన బసియూనీ కమిషనే అక్కడి చిత్రహింసలను 2011 నవంబర్‌లో నమోదు చేసింది. జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదికను మనం ఎట్లా పట్టుకు తిరిగామో అట్లా వాడుకోవాలి. వీడియోలు కావాలంటే మొసిరీన్ బృందం 2018లో తెరిచిన '858' ఆర్కైవ్ ఉంది. తహ్రీర్ రోజుల నుంచి పోగైన 858 గంటల ఫుటేజీ.

ఇక నా సొంత పరీక్ష ఒకటి. యెమెన్ మీద ఏ పుస్తకం దొరికినా ముందు వెనకపేజీల సూచికలో 'అఖ్దామ్' అనే మాట వెతుకుతా. నౌకర్లు అని అర్థం. నల్లని ఒళ్ళు, ఊరి అంచున గుడిసెలు, తరతరాలుగా వీధులు ఊడ్చే పని. తమను తాము ముహమ్మషీన్, అంటే అంచుకు నెట్టబడినవాళ్ళం అని చెప్పుకుంటారు. 2011లో చౌరస్తాలకు వాళ్ళూ వచ్చారు. ఆ మాటే లేని పుస్తకం ఎంత లావున్నా, సనా వాడలు తిరగకుండా రాసిందని నాకనిపిస్తుంది.

అరబ్బీ రాదని దిగులొద్దు. మోమిన్ అన్నదే అరబ్బీ మాట. మదర్సాలో చదివిన దోస్తును పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లిష్ అనువాదాన్ని మూలంతో సరిచూడండి. ఇంకో సోర్సు మన జిల్లాల్లోనే ఉంది. 2011లో లిబియా నుంచి 15 వేలకు పైగా భారతీయులను ప్రభుత్వం వెనక్కు తెచ్చింది. వాళ్ళలో తెలుగు కూలీలూ ఉన్నారు. వాళ్ళ మాట నాకు ఏ ఫుట్‌నోట్‌లోనూ కనబడలేదు. దొరికితే కూర్చుని అడగండి. కళ్ళతో చూసింది వేరుగా, క్యాంపులో విన్నది వేరుగా రాసుకోండి. ఫోన్ ఆన్ చేసే ముందు అనుమతి తీసుకోండి. పేరు వద్దంటే రాయకండి.

వచ్చే భాగం మహల్లా ఆడవాళ్ళ మీద.