హలాల్ బోర్డు చాలదు

సంపాదకులకు,

వడ్డీ లేని పెట్టుబడే మన కుర్రాళ్లకు మంచి దారి అన్న వ్యాసం చదివాను. దారి మంచిదే. కానీ అదే దారిలో ‘హలాల్’ బోర్డు కట్టుకుని కూర్చున్నవాళ్ల ఊసు వ్యాసకర్త ఎత్తలేదు. హీరా గోల్డ్ అనే పెట్టుబడి సంస్థ ఏడాదికి 36 శాతం దాకా లాభం ఆశ చూపిందని ఆరోపణ. దాని అధినేత్రి నౌహీరా షేక్ 2018లో అరెస్టయ్యారు. మరుసటి ఏడాదే బెంగళూరులో అలాంటిదే ఐఎంఏ అనే సంస్థ కూలింది. ఒకరి సొమ్ము, ఇంకొకరి కష్టం, లాభంలో ఇద్దరికీ వాటా: ముదారబా అంటే ఇదీ. నష్టం మాటే రాని చోట అది ముదారబా ఎలా అవుతుంది? మా పెన్న ఆయకట్టులో పొలం కోరుకిచ్చిన వాళ్లనడగండి. పంట పోతే భూమి గలవాడి పాలూ పోతుంది, సేద్యగాడి కష్టమూ పోతుంది.

సెబీ పరిధిలో టాటా ఎథికల్ ఫండ్ లాంటి షేర్ల ఫండ్లు ఉన్నాయి. వడ్డీ బ్యాంకులు, మద్యం, అప్పుల్లో మునిగిన కంపెనీల జోలికి అవి పోవు. అయినా షేర్లు షేర్లే, పడతాయి. ‘గ్యారంటీ హలాల్ రాబడి’ అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది.

ఇంకో మాట. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ముస్లిం ఆడవాళ్లకు ముందు కావలసింది ఫండు కాదు, కొయ్య కొనుక్కోవడానికి వడ్డీ లేని చేబదులు. దాని మీద ఒక వ్యాసం వేయించండి.

— ఒక పాఠకుడు, సంగం