ఆగే చోటు లేని ఆట

"ఇంకొక్క కొండ దాటి వచ్చేస్తానమ్మా" అంటాడు మా చిన్నాడు. ఆ కొండ దాటితే ఇంకో కొండ! మైన్‌క్రాఫ్ట్ అంతే. అందులో కొండల్ని ఎవరూ కూర్చుని గీయలేదట. 'సీడ్' అనే అంకె ఒకటి ఇస్తే, వాడు నడిచేకొద్దీ కంప్యూటరే కొండలూ అడవులూ పుట్టిస్తుంది. అదే అంకె ఇస్తే మళ్ళీ అదే లోకం. చుక్కల లెక్క తెలిస్తే ముగ్గు వచ్చినట్టే. 2016లో వచ్చిన 'నో మాన్స్ స్కై'లో అయితే గ్రహాలే కోట్లానుకోట్లు!

ముచ్చటే. కానీ నా ముగ్గు వాకిలి దాటదు. మన కథలు కంచికి వెళ్తాయి. ఈ లోకానికి పిల్లాడికి అందే అంచే లేదు. అలాంటి దారిలో వాడు తనంతట తాను ఎలా ఆగుతాడు? అందుకే తిట్టడం మానేశాను. పక్కన కూర్చుని, "ఇవాళ ఇల్లు కప్పు వేసి ఆపేద్దాం, సరేనా?" అని ముందే మాట తీసుకుంటున్నాను. కంచి దారి మనమే చూపించాలి మరి.