పాఠం వినని అర్హత పరీక్ష
జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఈడీని రెండేళ్లు చేసి, అందులో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలంది. మంచి నిర్ణయమే. కానీ ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఆ 20 వారాలు లెక్కలోకే రావు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ అంటే 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఆపైన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధ్యాయ నియామకాల్లో డీఎస్సీ రాతపరీక్షకు 80 శాతం, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. ఇంత వడపోతలోనూ అభ్యర్థి పిల్లల ముందు నిలబడి చెప్పే ఒక్క పాఠాన్నీ ఎవరూ వినరు. మనస్తత్వవేత్త పియాజే సిద్ధాంతంపై సరైన జవాబు గుర్తించడం వేరు, భిన్నాలు బోధపడక బిక్కమొహం వేసిన ఏడో తరగతి పిల్లకు మరో దారిలో చెప్పగలగడం వేరు. నియామకంలో విలువలేని శిక్షణను అభ్యర్థులూ పట్టించుకోరు, కళాశాలలూ పట్టించుకోవు. హాజరు పట్టీ నిండితే సరిపోతుంది. పాఠానికి మార్కులు వేస్తే పైరవీలు మొదలవుతాయని అంటారు. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చదువుతున్న నిరుద్యోగికి ఆ భయం న్యాయమైనదే. అందుకే ర్యాంకును రాతపరీక్షే తేల్చాలి. ఇంటర్న్‌షిప్ చివర మాత్రం వేరే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు అనుభవజ్ఞులు పాఠం విని, వీడియో భద్రపరచి, అర్హత ఉందో లేదో చెబితే చాలు. మార్కులే లేనప్పుడు పైరవీకి లాభం తక్కువ. ఖర్చంటారా, హౌస్‌సర్జన్సీ చేయనిదే ఎంబీబీఎస్ విద్యార్థికి శాశ్వత రిజిస్ట్రేషన్ ఇవ్వని వ్యవస్థ మనకుంది. దాని ఖర్చును ఎవరూ దండగ అనలేదు. వచ్చే టెట్ నోటిఫికేషన్‌కు ముందే రెండు ప్రభుత్వాలూ కనీసం ఒక్కో జిల్లాలో ఈ పాఠ పరిశీలనను మొదలుపెట్టాలి.